గుండె దడను దాచుకోవద్దు
(షోలాపూర్ గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుందని మనవాళ్ళు చాలామంది చెబుతున్నారు. డాక్టరు దగ్గరికి మాత్రం పోరు. అన్‌ఫిట్ అని రాస్తారేమోనని భయం.

నిజానికి గుండె ఆగదు. ఒక దెబ్బ ముందే పడుతుంది, కాస్త వ్యవధి వస్తుంది, ఆ తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆరోగ్యవంతుల్లోనూ ఇది ఉంటుంది. నైట్ షిఫ్టు నిద్రలేమి, టీ మీద టీ, బీడీ, తాగుడు దీన్ని పెంచవచ్చు.

కాని కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, నాడి లయ లేకుండా కొట్టుకున్నా ఆలస్యం చేయరాదు. సాంచాల మధ్య పడితే ప్రాణానికే ముప్పు. ఇ.సి.జి., అవసరమైతే 24 గంటల హోల్టర్ పరీక్ష చేస్తారు. చాలామందికి మందే అక్కరలేదు. కొందరికి బీటా బ్లాకర్ మాత్రలు, కొద్దిమందికి అబ్లేషన్ అవసరమవుతాయి.

షాపులో అడిగి మాత్రలు మింగవద్దు. గుండెపోటు వచ్చినవారికి ఈ అదనపు దెబ్బలను అణచే కొన్ని మందులిస్తే మరణాలు పెరిగాయని 1989లో అమెరికాలో తేలింది.

2019 జూలై నుండి మన జీతంలో నూరు రూపాయలకు 75 పైసలు ఇ.ఎస్.ఐ.కి కోస్తున్నారు. ఆ వైద్యం దయాధర్మం కాదు, మన హక్కు. మీరు పరీక్షకు వెళ్ళండి. సెలవు సంగతి మేనేజ్‌మెంటుతో మేము మాట్లాడతాం.