సదస్సులు నగరానికి, కొలువులెవరికి?

 

సదస్సుల పర్యాటకం పెద్దోళ్ల ముచ్చట అని మనం పక్కన పెట్టలేం. సదస్సుకొచ్చే ప్రతినిధి చార్మినార్ చూసి పోయే యాత్రికుని లెక్క గాదు. అతని ఖర్చు చాలాసార్లు సంస్థే భరిస్తది. హోటల్, కారు, విందు, వేదిక, అచ్చుపని, పూలు... ఒక్క సభ వెనుక ఎన్నో చేతుల పని ఉంటది. విదేశీ అతిథి వస్తే దేశానికి విదేశీ మారకం. దేశ ఆర్థికాభివృద్ధికి ఇది పనికొస్తదన్న మాట నిజమే.

హైదరాబాద్‌కు 2003లో హైటెక్స్, 2006లో హెచ్‌ఐసీసీ, 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చినయి. 2006లో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2010లో ప్రపంచ గణిత మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడే జరిగినయి.

మరి ఈ మట్టి బిడ్డలకు దక్కిందేమిటి? 2012 సెప్టెంబర్ 30న సాగరహారానికి పిలుపునిస్తే, జీవవైవిధ్య సదస్సు ఉంది, వాయిదా వేసుకోండన్నరు. 2017లో అతిథులు రాకముందే నగరంల భిక్షాటనపై రెండు నెలల నిషేధం పెట్టిన్రు. ఒకసారి మన గొంతును దాచాలని చూసిన్రు, ఇంకోసారి పేదరికాన్ని దాచిన్రు. రెండోది స్వరాష్ట్రంలోనే జరిగింది! అతిథి మర్యాదంటే ఇంటోళ్లను గడప అవతల నిలబెట్టుడు గాదు.

మేం సదస్సులు వద్దంటలేం. లెక్క అడుగుతున్నం. ప్రతి పెద్ద సదస్సు తర్వాత సర్కారు ఖర్చెంత, రాబడెంత, ఎందరికి పని దొరికిందో ప్రజల ముందు పెట్టాలె. వడ్డించేటోళ్లకు, ఊడ్చేటోళ్లకు, కాపలా కాసేటోళ్లకు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ అందాలె. డిగ్రీ చదివిన మన పిల్లలకు అనువాదం, సభా నిర్వహణ, లెక్కల పనిలో శిక్షణ ఇచ్చి కొలువులియ్యాలె. అతిథి భుజాన పోచంపల్లి సంచి ఉండాలె. జ్ఞాపిక పెంబర్తి ఇత్తడిదో, కరీంనగర్ వెండి తీగదో కావాలె.

అన్నీ మాదాపూర్‌లనే ఎందుకు? రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హన్మకొండలో 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. చిన్న సదస్సులను అటు నడిపిస్తే ఓరుగల్లు హోటళ్లకు, ఆటోలకు, మగ్గాలకు పని దొరుకుతది.

మిత్రులారా! నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. సదస్సు హాలు కూడా ఆ లెక్కలోకే వస్తది. అక్కడ నిధులు పుడుతున్నయి. నియామకాలెక్కడని మనమే అడగాలె. అడుగుదాం!

జై తెలంగాణ!