జనాభా భయం ఏ కాలం నాటిది?

దేశం ఏమైపోతుందోనన్న మాట రాగానే మనలో చాలామంది తలచుకునేది జనాభానే. ధరలు పెరిగినా, ఉద్యోగం రాకపోయినా, రైల్లో చోటు దొరక్కపోయినా జనం పెరిగిపోతున్నారనేస్తాం. ఈ నమ్మకం పాతబడి చాలా కాలమైంది. 1950లలో మన దేశంలో ఒక స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆ సగటు 2.0. జనాభా తరతరానికీ నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7, తెలంగాణలో 1.8. మీ తాతగారి తోబుట్టువులెందరో, మీ పిల్లల తోబుట్టువులెందరో ఇప్పుడే, ఇక్కడే లెక్కపెట్టుకోండి.

మరి భయం ఎందుకు పోలేదు? దానికి చదువుకున్నవాళ్లే ఎరువు వేశారు. 1968లో అమెరికాలో పాల్ ఎర్లిక్ 'ది పాపులేషన్ బాంబ్' అనే పుస్తకం రాశాడు. ఢిల్లీలో ఒక రాత్రి టాక్సీలోంచి చూసిన జనంతో అది మొదలవుతుంది. 1970లలో కోట్ల మంది ఆకలితో చనిపోతారని జోస్యం చెప్పాడు. కిక్కిరిసిన వీధిని చూసి దేశపు జాతకం చెప్పడం శాస్త్రం కాదండీ! 1951లో మనం 36 కోట్లం, ఇప్పుడు 140 కోట్లు దాటాం. దాదాపు నాలుగు రెట్లు. 1950–51లో తిండిగింజలు సుమారు 5 కోట్ల టన్నులు పండితే, 2022–23లో 33 కోట్ల టన్నుల దాకా పండాయి. ఆరు రెట్లకు పైనే. జోస్యం తప్పింది, భయం మాత్రం మిగిలింది. ఆ భయమే అత్యవసర పరిస్థితిలో, 1976–77 ఒక్క ఏడాదిలో, 80 లక్షల మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించింది. ఎందరినో బలవంతంగా లాక్కెళ్లారు. 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీచేయరాదని చట్టం చేసింది. నిజానికి 1992–93 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆ రాష్ట్ర సగటు 2.6కి దిగివచ్చింది, చట్టం కంటే ముందే తగ్గుదల మొదలైంది. ఎందరు పిల్లల్ని కనాలన్నది తమ చేతిలో లేని స్త్రీలకు మాత్రం వార్డు మెంబరు పదవి కూడా అందకుండా పోయింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు అక్కడి పాలకులే ఎక్కువమందిని కనమంటున్నారు. ఆ ఆజ్ఞా తప్పే, ఈ ఆజ్ఞా తప్పే.

సగటు తగ్గితే జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోందని అడుగుతారు. నిన్న ఎక్కువగా పుట్టినవాళ్లే నేటి తల్లులు గనక; ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా కొన్నేళ్లు పెరుగుదల ఆగదు. ఒక మతంవారే పెరిగిపోతున్నారన్న ప్రచారానికీ జవాబుంది: ముస్లిం స్త్రీల సగటు 1992–93లో 4.4, 2019–21లో 2.4. ఇంత వేగంగా మరే పెద్ద మతంలోనూ తగ్గలేదు. బీహార్‌లో మొత్తం స్త్రీల సగటు 2019–21లో కూడా 3 ఉంది, నిజమే. అక్కడ కావలసింది ఆడపిల్లలకు బడి, చట్టం కాదు. సమయం అయిపోతోంది, ఒక్కటి చెప్పి ముగిస్తాను. పుట్టుకలు తగ్గుతున్నాయి గనక మనం ఇప్పుడు కంగారుపడవలసింది ముసలితనం గురించి: పింఛను, మందులు, ఒంటరిగా మిగిలే వితంతువులు. ఏ ఊళ్లో ఎందరు వృద్ధులున్నారో తెలిపే తాజా లెక్క మన దగ్గర లేదు. చివరి జనగణన జరిగింది 2011లో. ఈసారి గణకులు మీ ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మ వయసు అరవయ్యో డెబ్బయ్యో అని ఉజ్జాయింపుగా చెప్పకండి, సరిగ్గా కనుక్కుని రాయించండి.