ఒక్క ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏ చేనిలో ఏ విత్తనము చల్లవలెనో రైతు తొలకరి పడిన పిదప ఆలోచించుట ఆరంభింపడు. దుక్కి, విత్తనము, ఎరువు ముందుగనే సిద్ధపరచుకొనును. బడికి తొలకరి జూను నెల. ఆ నెలలో బడి తలుపులు తెరచునాటికి ఏ బిడ్డ చదువు ఎచ్చటనుండి సాగవలెనో ముందుగా నిర్ణయించుకొనుచున్నామా? దీనిని గూర్చియే నేడు మీతో మాటలాడదలచితిమి.

చిన్న పల్లెలలో, తండాలలో, గూడెములలో ఒకటి మొదలు అయిదు వరకు తరగతులన్నియు ఒక్క ఉపాధ్యాయుడే నడుపు బడులు నేటికిని కలవు. అట్టి బడి లెక్క యొకటి మీ ముందుంచుచున్నాము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ తరగతులకు ఏటా 200 పనిదినములు, 800 బోధనా గంటలు ఉండవలెనని నిర్ణయించినది. అనగా దినమునకు 4 గంటలు, లేక 240 నిమిషములు. వానిని అయిదు తరగతులకు సమముగా పంచినచో తరగతికి దక్కునవి 48 నిమిషములు మాత్రమే. తక్కిన 3 గంటల 12 నిమిషములు ఆ పిల్లలు ఏమి చేయవలెను?

ఒక పర్యటనలో మేము ఒక బడిగదిలో వెనుక కూర్చుండి చూచితిమి. రెండవ తరగతి బాలిక యొకతె పలకపై ఒక వరుస అక్షరములు వ్రాసి, చూపుటకు లేచినది. ఉపాధ్యాయుడు అయిదవ తరగతికి భాగహారము చెప్పుచుండెను. బాలిక కూర్చుండి, పలక తుడిచి, ఆ వరుసనే మరల వ్రాసినది. ఇట్లు నాలుగు మారులు జరిగెను. ఉపాధ్యాయుడు ఒక్క నిమిషమైనను ఊరకుండలేదు. బాలికయు సోమరి కాదు. లోపమంతయు ఏర్పాటులో నున్నది. ఆ బాలిక అయిదు తరగతులు దాటియు చిన్న కథ చదువలేకపోయినచో, బడికి పంపి ఏమి లాభమని తల్లి అడిగిననాడు మన మేమి చెప్పగలము?

ఇందుకు ఒక దారి మన రాయలసీమలోనే ఏర్పడినది. మదనపల్లె సమీపమునందలి ఋషివ్యాలీ విద్యాకేంద్రమువారు చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ బడులు నడుపుచు, పాఠములను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మెట్టు మెట్టునకు కార్డులు తయారుచేసిరి. మెట్లన్నింటిని చూపు నిచ్చెన పటమును గోడకు తగిలించిరి. బిడ్డ తన మెట్టు తానే చూచుకొని కార్డు తెచ్చుకొనును. కొందరు ఉపాధ్యాయుని యెదుట, కొందరు తోటివారితో, కొందరు తమంతట తాము పని చేయుదురు. తల్లిదండ్రులవెంట కూలికి పోయి పది దినములకు తిరిగివచ్చిన బాలుడు తాను విడిచిన మెట్టునుండియే సాగును. ఈ పద్ధతిని చూచి కర్ణాటకమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో 1995లో ‘నలి-కలి’ అను పేర బోధన ఆరంభించిరి.

కార్డులు లేని బడియందును ఈ సూత్రము పనికివచ్చును. వేసవి సెలవులు ముగియకముందే నాలుగు పనులు జరుగవలెను.

మొదటిది జాబితా. 14 ఏండ్లలోపు పిల్లల వివరములు ఉంచుట స్థానిక సంస్థ విధియని చట్టమే చెప్పుచున్నది. పేరు, వయస్సులతోపాటు ఎవరికి అక్షరములు వచ్చును, ఎవరు వాక్యము చదువగలరు, ఎవరికి తీసివేత తెలియును అనునది ఉపాధ్యాయునిచే వ్రాయించుడు.

రెండవది జట్లు. అయిదు తరగతులకు బదులు, వచ్చిన చదువునుబట్టి మూడు జట్లు చేసినచో జట్టుకు 80 నిమిషములు దక్కును. ఒక జట్టు ఉపాధ్యాయునివద్ద నుండగా, రెండవది వ్రాతపనియు, మూడవది జంటలుగా చదువుటయు చేయవలెను. పెద్దపిల్లలు చిన్నవారికి కొంతసేపు చదివి వినిపించుట ఇరువురికిని మేలు. కాని వారి చదువు చెడునంతగా వారిచే పాఠములు చెప్పింపరాదు.

మూడవది ఊరి పంచాంగము. జాతర, పత్తితీత, మిరపకోత, వలసపోవు కాలము మీకు తెలిసినంతగా మరియెవరికిని తెలియదు. ఆ వారములలో క్రొత్త పాఠములకు బదులు పాతవానిని మరల చదివించునట్లు ఉపాధ్యాయునితో కూర్చుండి నిర్ణయించుడు.

నాలుగవది ఉపాధ్యాయుని దినములను కాపాడుట. జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప బోధనేతర కార్యములకు ఆయనను నియోగింపరాదని చట్టము. ఆయన ఒక్కదినము లేకున్న అయిదు తరగతులును ఆగిపోవును. కావున పంచాయతీ పనులకై ఆయనను పిలువకుందురుగాక.

ఇవి రెండవ ఉపాధ్యాయునికి బదులు కావు. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరుండవలెనని ఆ చట్టమే విధించినది. తీర్మానము చేసి అడుగుడు, వచ్చువరకు విడువకుడు. అయితే రెండవవారు వచ్చువరకు పిల్లల వయస్సు ఆగదు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. వారిని, ఉపాధ్యాయుని పిలిచి, మే నెలలోనే ఒక సాయంకాలము ఈ జాబితాతో కూర్చుండుడు. పలక చూపుటకు లేచిన మీ ఊరి బాలికకు తరువాతి మెట్టు సిద్ధముగా నుండవలెనని మా విన్నపము.