సరుకుకి అడ్డు లేదు, కూలికే అడ్డు
(పల్నాడు వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



కాయకోత నుంచి నేరుగా వొచ్చి కూర్చున్నోళ్ళు చాలామంది కనపడతన్నారు. చేతులు ఇంకా మండుతానే ఉంటాయి. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

90లలో డంకెల్ అనే పేరు విన్నారు గదా. గోడల మీద రాశారు, రైతు సంఘాలోళ్ళు ఊరేగింపులు తీశారు. మన మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మనం ఏమనుకున్నాం? అది భూమున్నోళ్ళ గొడవ, సెంటు నేల లేని మనకెందుకులే అనుకున్నాం. నేనూ అట్టాగే అనుకున్నాను. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగి కన్నీళ్ళు ఆరని కాలం అది. ప్రాణం కాపాడుకునే పనిలో ఉన్నోడికి గాట్ ఒప్పందం ఏం తెలుస్తది? 1994లో మరాకెష్ అనే ఊళ్ళో సంతకాలు పెట్టారు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. ముప్పయ్యేళ్ళు దాటిపోయినా పల్నాట్లో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ రైతు గురించే మాట్లాడతారు. తీసేవాళ్ళ గురించి, కోసేవాళ్ళ గురించి ఎవడూ మాట్లాడడు.

ముందు పత్తి సంగతి చూద్దాం. విదేశీ పత్తి మీద మన దేశం 2021లో మొత్తం 11 శాతం సుంకం పెట్టింది. 2025 ఆగస్టు 19న ఆ సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే సరిగ్గా మన చేలల్లో పత్తి పగిలే రోజులన్నీ తలుపు బార్లా తీసిపెట్టారన్నమాట. పోనీ అమెరికావోడు ఏమన్నా మొహమాటపడ్డాడా? ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచాడు. మనం తలుపు తీసిన ఎనిమిది రోజులకే వాడు తలుపు మూశాడు.

అమెరికాలో పత్తి మనిషి తియ్యడు, యంత్రం తీస్తది. పైగా అక్కడి ప్రభుత్వం రైతుకి వెనక నుంచి డబ్బులు పోస్తది. ఇది అన్యాయమని బ్రెజిల్ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసేసి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. బ్రెజిల్ కి నోరుంది కాబట్టి డబ్బొచ్చింది. గురజాల చేలో వొళ్ళో పత్తి కట్టుకుని వంగిన మన ఆడమనిషి ఆ యంత్రంతో, ఆ డాలర్లతో పోటీ పడతా ఉందని ఆమెకి ఎవరన్నా చెప్పారా?

ధర పడితే రైతు నష్టపోతాడు, నిజమే. ఆయన నష్టాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే ఆ నష్టం ఎట్టా కిందికి దిగుతదో చూడండి. మొదటి తీత, రెండో తీత తీయిస్తాడు. మూడోదానికి కూలి గిట్టదని చేను వొదిలేస్తాడు, లేకపోతే మేకలకి తోలతాడు. మిరపలోనూ అంతే. ఆఖరి కోత కాయ చెట్టునే ఎండిపోద్ది. ఆయనకి పోయింది నాలుగు బస్తాలు. మనకి పోయింది పదిహేను రోజుల పని. బస్తాలు లెక్కలోకి వొస్తాయి, పనిదినాలు ఏ కాగితంలోనూ ఉండవు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. సుంకం తీసేస్తే నూలు మిల్లులకి పత్తి చవకవుద్ది. గణపవరం, చిలకలూరిపేట మిల్లుల్లో పనిచేసేది కూడా మన పిల్లలే. తల్లికి తీత పోద్ది, కూతురికి షిఫ్టు నిలబడుద్ది. ఒకే ఇంట్లో ఒకరి కూడు తీసి ఇంకొకరి కంచంలో పెడతన్నారు. అందుకని దిగుమతులు ఆపండి అని ఒక్క కేక వేసి ఇంటికి పోతే సరిపోదు.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ మాట వొచ్చిన నెలలోనే ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టరు తిరగబడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. క్వింటాలుకి ధర కట్టారు. ఆ క్వింటాలు కోసిన చేతికి ఏ పథకంలో ధర ఉంది? కౌలుకి చేసే మనవాళ్ళ గతీ అదే. 2019 కౌలు చట్టంలో కార్డు కావాలంటే భూస్వామి సంతకం పెట్టాలి. ఏ ఆసామి పెడతాడు? చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ, మాల కన్నమదాసు కథ రాత్రంతా చెప్పుకునే నేల ఇది. పరిహారం పంచేటప్పుడు మాత్రం మనకి చాప మీద చోటుండదు.

ఇక సరిహద్దు సంగతి. 2014 నుంచి కృష్ణ మనకి రాష్ట్ర సరిహద్దయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దాచేపల్లి పక్కన పొందుగుల వంతెన దగ్గర ఇళ్ళకి పోయేవాళ్ళని ఆపారు గుర్తుందా? అప్పుడు మిరప కోతల కాలం. సరుకు లారీలన్నిటికీ కేంద్రం మార్చి 29న అనుమతిచ్చింది. చిక్కుకుపోయిన కూలీలు రాష్ట్రం దాటడానికి అనుమతిచ్చింది ఏప్రిల్ 29న. నెలరోజుల తేడా. ఆ నెలలోనే ములుగు మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్ నడిచిపోతా 12 ఏళ్ళ ఆదివాసీ పిల్ల దారిలో ప్రాణం వొదిలింది. స్వేచ్ఛా వ్యాపారం అంటే నాకు ఈ రెండు తేదీలే గుర్తొస్తాయి.

కోసిగి, ఆదోని వైపు నుంచి కరువుకి తరిమేస్తే పిల్లాపాపలతో వొచ్చి మన కల్లాల్లో గుడిసెలేసుకునేవాళ్ళున్నారు. వాళ్ళొచ్చి మన కూలి చెడగొడతన్నారని మనోళ్ళు అంటన్నారు. చెడగొట్టేది మేస్త్రీ చేతిలో పెట్టే బయానా. వాళ్ళ గుడిసెల దగ్గరకి పోయి కూర్చోండి. కిలోకి ఎంత ఇస్తన్నారో అడగండి, మనకెంత ఇస్తన్నారో చెప్పండి. రెండు రేట్లు ఒకటయ్యేదాకా రెండువైపులా మోసమే.

పని లేనప్పుడు ఉపాధి పని ఉండేదని ధైర్యం. 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. విత్తే రోజుల్లో, కోత రోజుల్లో కలిపి ఏడాదికి 60 రోజులు ఆ పని ఆపే వీలు అందులో పెట్టారు. కోతలప్పుడు వేరే పని ఉంటేనే గదా మనం కూలి బేరం చేసేది. ఆ బేరాన్ని కొట్టే సంగతి ఇది.

మనం అడగాల్సింది ధర పడిన ఏడు కూలికి కూడా పరిహారం. అడిగితే అధికారి మొదట అడిగేది, లెక్క ఏదీ అని. కాబట్టి వొచ్చే ఆదివారం నుంచి ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరు, ఎవరి చేలో, ఎన్ని రోజులు, కిలోకి ఎంత, కొయ్యకుండా వొదిలేసిన ఎకరాలెన్ని. పదో తరగతి చదివిన ఆడపిల్ల చేత రాయించండి. వలస గుడిసెలోళ్ళ పేర్లు కూడా అదే పుస్తకంలో రాయండి, వేరే పుస్తకం వొద్దు. కోతలయ్యాక అన్ని పుస్తకాలూ పట్టుకుని నరసరావుపేట కలెక్టరాఫీసుకి పోదాం. పుస్తకాలు ఈ బల్ల దగ్గర ఉన్నాయి, పోయేటప్పుడు పల్లెకొకటి తీసుకుపోండి.