ఇంటి మరమ్మతులు – అందరూ తెలుసుకోవలసిన సంగతులు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి మరమ్మతులమీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇదేమీ పెద్ద విద్య కాదు. ఇల్లు కట్టించడానికి ఏళ్ళతరబడి కూడబెడతాం. కట్టిన ఇంటిని కనిపెట్టుకొని ఉండడానికి మాత్రం వారానికి అరగంట దొరకదంటాం. మన పెద్దవాళ్ళు అలా అనుకోలేదు. రాయలసీమలో మట్టిమిద్దెలున్న రోజుల్లో వానలకు ముందే మిద్దెమీద చౌడుమన్ను పరిచేవాళ్ళు. కారిన తరువాత కాదు, కారకముందే! సిమెంటు కప్పులు వచ్చాక ఆ అలవాటు పోయింది. కప్పు మారింది గాని వాన మారలేదు గదా!

మొదట కొళాయి సంగతి చూద్దాం. కారుతుంటే "చుక్కే గదా" అని ఊరుకుంటాం. లెక్క వేయండి. ఇంచుమించు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకొక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు, అంటే నాలుగు లీటర్ల పైమాట. ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. వజూ చేసేటప్పుడు నీళ్ళు పారబోయవద్దని పిల్లలకు చెప్పే మనం, రాత్రంతా కారే ఆ చప్పుడు వింటూ నిద్రపోతాం! తిప్పి కట్టే పాతరకం కొళాయిలో లోపలి రబ్బరు వాషరు అరిగితే నీళ్ళు కారతాయి. బలంకొద్దీ బిగిస్తే అది ఇంకా నలుగుతుందేగాని కారడం ఆగదు. గేటువాల్వు కట్టి, కొళాయి విప్పి, పాత వాషరు కొట్టుకు తీసుకువెళ్ళి అదే కొలతది తెచ్చి వేస్తే సరి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇక కరెంటు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినమని కోరుతున్నాను. చాలా ఇళ్ళలో వాషింగ్ మిషనో, ఫ్రిజ్జో ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. ఇంటావిడ చెక్కపీటమీద నిలబడి బట్టలు వేస్తుంది, "అలా చేస్తే కొట్టదు" అని పక్కింటివాళ్ళకు కూడా చెబుతుంది. అమ్మా, పీట మందు కాదు. అది జబ్బును దాచిపెడుతుంది, అంతే. మిషను లోపల ఎక్కడో కరెంటు కారుతోందని, ఎర్తు సరిగా లేదని ఆ జివ్వుమనడానికి అర్థం. ఈరోజు పీట ఉంది. రేపు తడికాళ్ళతో పిల్లవాడు వచ్చి పట్టుకుంటే? ప్లగ్గు తీసేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఎర్తు చూపించాకే మళ్ళీ వాడండి. ఉప్పు, బొగ్గు వేసిన పాతరకం ఎర్తు గుంత ఉంటే ఎండాకాలంలో దానికి నీళ్ళు పోస్తుండండి. గుంత ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు.

ఫ్యూజు పోయిందని లావాటి తీగ చుట్టేవాళ్ళున్నారు. ఫ్యూజు కాపలావాడు. వాడి నోరు కట్టేస్తే గోడలోని వైరు కాలుతుంది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టులమీద 9 ఆంపియర్లకు దగ్గరగా తీసుకుంటుంది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టులో దాన్ని పెట్టకూడదు. ఇంకొక మాట. ఎం.సి.బి. వైర్లను కాపాడుతుందిగాని షాకు నుంచి మనిషిని కాపాడదు. మనిషికోసం 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాలి. దానిమీద పరీక్ష బొత్తాం ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి. నొక్కగానే పడిపోతే బాగున్నట్టు.

మూడవది గ్యాసు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు, మనకు తెలియాలనే వాసన కలుపుతారు. అది గాలికంటె బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, వేసి ఉన్నది ఆర్పవద్దు. చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, అప్పుడు 1906కు ఫోను చేయండి. ట్యూబు బిగింపులు సబ్బునురగతో చూసుకోవాలి, బుడగలు వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో చూడబోవడం ప్రాణంమీదికి తెచ్చుకోవడమే. ట్యూబును ఐదేళ్ళకొకసారి మార్చాలి, పగుళ్ళు కనిపిస్తే అంతకుముందే.

నాలుగవది కప్పు. జూన్ రాకముందే మిద్దె ఎక్కి నీళ్ళుపోయే గొట్టాల్లో ఆకులు, మట్టి తీసేయండి. పిట్టగోడ పగుట్లో రావిమొక్క కనిపిస్తే రెండాకులప్పుడే వేరుతోసహా తీయండి. ఏడాది ఆగితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

చివరిగా అసలు మాట. కడప, రాయచోటి వైపు మన ఇళ్ళలో ఎందరో మగవాళ్ళు కువైట్‌లో పనిచేస్తున్నారు. ఇక్కడ ఇంట్లో ఉండేది అమ్మ, భార్య, పిల్లలు. మెయిన్ స్విచ్చు ఎక్కడుందో, గేటువాల్వు ఎటు తిప్పాలో, రెగ్యులేటరు ఎలా కట్టాలో ఆ ఇంటాయనకే తెలిసి, ఆయన సముద్రం అవతల ఉంటే ఏమి లాభం? షాకు తగిలినవాణ్ణి చేత్తో లాగకూడదు, ముందు మెయిన్ ఆపాలి. ఆ మెయిన్ ఎక్కడని వెతుక్కునే సమయమా అది? అది పదేళ్ళ పిల్లకైనా చేయందే ఎత్తులో ఉండాలి, దానిముందు బీరువా అడ్డం పెట్టకూడదు.

అందుకని నా మనవి ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి ఈ మూడూ చూపించండి. చూపించడంతో సరిపెట్టక, ఒక్కొక్కరిచేతా ఒకసారి కట్టించండి. వైర్ల పని తెలిసినవాడికి వదిలేయండి, కట్టడం మాత్రం అందరూ నేర్చుకోండి. ఖర్చులేని పని, పావుగంట చాలు.