టీవీ స్టూడియోలో బయటి హారన్ ఎందుకు వినపడదు?

టీవీలో న్యూస్ చదువుతుంటే వెనకాల ఆటో హారన్ ఎప్పుడైనా విన్నారా? వినుండరు. అలాగని స్టూడియోలన్నీ ఊరి బయటేమీ ఉండవు. మరి రోడ్డు మీది చప్పుడంతా ఎక్కడ ఆగిపోతోంది?

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. మా తాతయ్య కబుర్లు రికార్డ్ చేద్దామని గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను. తర్వాత వింటే బస్సు హారన్, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ ఉన్నాయి. తాతయ్య మాటే సరిగ్గా లేదు. ఇప్పుడు ఆయన లేరు. నాకు మిగిలింది ఆ ఒక్క ఫైలే.

తప్పెక్కడంటే, గోడకి అంటించే ఫోమ్ లాంటివి గదిలో మన గొంతు గోడకి తగిలి తిరిగి రాకుండా చూస్తాయి, అంతే. బయటి శబ్దాన్ని ఆపవు. కోడిగుడ్ల అట్టలైతే ఆ పని కూడా సరిగ్గా చేయవు. బయటి శబ్దాన్ని ఆపడానికి స్టూడియోవాళ్ళు మూడు పనులు చేస్తారు.

ఒకటి, బరువు. గోడ ఎంత బరువుంటే దాన్ని అదిరించడం శబ్దానికి అంత కష్టం. అందుకే మందపాటి గోడలు కడతారు.

రెండు, సందులు మూయడం. గాలి దూరే చోట శబ్దమూ దూరుతుంది. అందుకని తలుపు చుట్టూ రబ్బరు బిగిస్తారు. లోపలికి వెళ్ళే దారిలో వరసగా రెండు తలుపులు, మధ్యలో చిన్న గది ఉంటాయి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. దీన్ని సౌండ్ లాక్ అంటారు.

మూడు, గదిలో గది. లోపలి గది నేలని రబ్బరు దిమ్మల మీదో, స్ప్రింగుల మీదో నిలబెడతారు. దాని గోడలు బయటి గోడలకి తగలవు. లారీ వెళ్ళినప్పుడు పుట్టే అదురు చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

మరి ఏసీ చప్పుడు? లైట్ల వేడికి ఏసీ ఆపలేరు కదా! అందుకే వెడల్పాటి గొట్టాల్లోంచి గాలిని నెమ్మదిగా పంపుతారు.

ఇదంతా మనింట్లో కుదరదు. కానీ కిటికీలు మూయొచ్చు, తలుపు కింద దుప్పటి పెట్టొచ్చు, ఫ్యాన్ ఆపొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్‌ని మాట్లాడేవాళ్ళకి దగ్గరగా పెట్టండి. దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. బయటి హారన్ మాత్రం అంతే ఉంటుంది.

మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారమే రికార్డ్ చేయండి. చేశాక ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బాగా రాకపోతే మళ్ళీ అడగడానికి వాళ్ళు పక్కనే ఉంటారు. ఉంటాను మరి.