తేనెపెట్టెకు తొలి శత్రువు ఎవరు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక హాస్టల్ వార్డెన్ ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మన భాష గురించి, మన అడవి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆ అడవిలోని తేనెటీగ గురించి నాలుగు మాటలు చెబుతాం.

మా హాస్టల్ వెనుక పనసచెట్టు నీడలో రెండు తేనెపెట్టెలు ఉండేవి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన ఈగలనే వాటిలో పెంచుతున్నాం. వేసవి సెలవుల ముందు మొదటి పెట్టెలో తేనె మొత్తం తీసి పిల్లలకు పంచాం. టైం చాలక రెండోది ముట్టుకోలేదు. జూన్‌లో తెరిచి చూస్తే మొదటి పెట్టెలో ఒక్క ఈగ లేదు. పట్టుల నిండా తెల్లటి గూళ్లు, నల్లటి రెట్ట, లోపల పాకే పురుగులు. "పురుగు మన ఈగల్ని తినేసింది మేడం" అని పిల్లలు బాధపడ్డారు.

ఊరి తాత ఒకాయన వచ్చి చూశాడు. "పురుగు తర్వాత వచ్చిందమ్మా, ముందు మీరు వచ్చారు" అన్నాడు. మాకు సిగ్గేసింది. రెండో పెట్టెలో ఈగలు నిండుగా ఉన్నాయి మరి!

అది మైనపు పురుగు. దాని తల్లి రాత్రిపూట పెట్టె సందుల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఈగల్ని తినవు. పాత పట్టుల్లోని మైనం, పుప్పొడి తింటూ సొరంగాలు తవ్వుతాయి. ఈగలు బలంగా ఉంటే ఆ పురుగుల్ని లాగి బయట పడేస్తాయి. ఆకలితో ఈగలు తగ్గిపోతే పట్టులకు కాపలా ఉండదు. చివరికి మిగిలిన ఈగలు పెట్టె వదిలి లేచిపోతాయి.

కందిరీగ విషయమూ అంతే. మన ఈగలు గుంపుగా దాన్ని చుట్టుముట్టి, ఒంటి వేడితోనే చంపగలవు. అయితే గుంపు ఉండాలి కదా!

అందుకే మీకు చెప్పేది ఇది. వారానికోసారి పెట్టె అడుగుపలక తుడవండి. ఈగలు లేని పాత పట్టులు తీసేయండి. పగుళ్లు మూయండి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. కందిరీగలు తిరిగే రోజుల్లో ద్వారం చిన్నది చేయండి. పసిరిక పిట్ట నాలుగు ఈగల్ని పట్టిందని ఉండేలు తీయకండి, అది పంట పురుగుల్నీ తింటుంది. వానాకాలంలో పూలు తక్కువ, వాటి తిండి వాటికి వదలండి. కొండతేనెకు వెళ్తే మంట వద్దు, పొగ చాలు. తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న పట్టు వదిలేయండి.

మా పిల్లలు ఖాళీ పెట్టెను కడిగి, ఎండబెట్టి, కాస్త మైనం రాసి ఉంచారు. వలిసెలు పూసేలోగా ఈగలు చేరతాయని చూస్తున్నాం. చేరితే మొదటి ఏడు తేనె వాటికే వదిలేద్దామని పిల్లలే తీర్మానం చేశారు. మేము సంతకం పెట్టాం.